కరోనా న్యుమోనియాలో రిస్క్ స్కోరు 16 వచ్చింది, నాన్నగారి సంగతి ఏమిటి?

మీ ప్రశ్నను ఒకసారి క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. నాన్నగారికి 71 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. కరోనా న్యుమోనియాతో విజయవాడలో ఐసీయూలో చేరి మూడు రోజులైంది, హై ఫ్లో ఆక్సిజన్ (ముక్కు ద్వారా ఎక్కువ వేగంతో ఇచ్చే ఆక్సిజన్) మీద ఉన్నారు. మీరు డాలస్‌లో ఉన్నారు. తమ్ముడు వాట్సాప్‌లో పంపిన రిపోర్టులు ఒక ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో వేస్తే స్కోరు 16 వచ్చింది, చనిపోయే అవకాశం 60 శాతం పైనే అని చూపించింది. దీన్ని నమ్మొచ్చా, వెంటనే టికెట్ తీసుకుని బయల్దేరనా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. ఆ 16 తప్పు. మీరు రాసిన వివరాలతోనే లెక్కేస్తే వచ్చేది 13. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది, ఎలాగో కింద చెప్తాను. ఇక 13 అయినా అది చేరిన రోజు పరిస్థితిని బట్టి, అలాంటి వందమందిలో ఎంతమంది పోయారో చెప్పే లెక్క. నాన్నగారు ఆ వందమందిలో ఎటువైపు ఉంటారో అది చెప్పలేదు. అందుకు ఈ మూడు రోజుల్లో ఆయన ఆక్సిజన్ అవసరం పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చూడాలి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అది కాస్త తగ్గుముఖంలోనే ఉంది. టికెట్ సంగతి చివర్లో చెప్తాను.

నేను పల్మనాలజిస్టుని, అంటే ఊపిరితిత్తుల డాక్టర్‌ని. 2020లోనూ 2021లోనూ కోవిడ్ ఐసీయూలో పనిచేశాను. ‘డాక్టర్ గారూ, లాభం ఉందా?’ అని అప్పట్లో రోజుకి పదిమంది అడిగేవారు. ఆ ప్రశ్నకు నిజాయితీగా ఏం చెప్పాలో తెలుసుకోవడానికే ఈ స్కోర్లన్నీ చదివాను.

స్కోరు ఎక్కడ తప్పింది?

మీరు వాడింది 4సీ మోర్టాలిటీ స్కోరు. బ్రిటన్‌లో 260 ఆసుపత్రుల్లో చేరిన 35 వేల మందికి పైగా పేషెంట్ల వివరాలతో తయారుచేశారు, మరో 22 వేల మంది మీద సరిచూశారు. 2020 సెప్టెంబరులో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. ఎనిమిది విషయాలు అడుగుతుంది: వయసు, ఆడా మగా, ఇతర జబ్బులు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారు, గది గాలి మీద (అంటే ఆక్సిజన్ పెట్టకముందు) శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, తెలివి (స్పృహ ఎలా ఉంది), రక్తంలో యూరియా, సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష). మొత్తం 21 మార్కులు, ఎక్కువ వస్తే ప్రమాదం ఎక్కువ.

మీ తప్పు రెండుచోట్ల ఉంది. మొదటిది యూరియా. బ్రిటన్‌లో యూరియాను మిల్లీమోల్స్‌లో రాస్తారు, మన ల్యాబుల్లో మిల్లీగ్రాముల్లో ఇస్తారు. నాన్నగారి రిపోర్టులో ఉన్న 58ని మీరు అలాగే టైప్ చేసి ఉంటారు. మిల్లీమోల్స్‌లో 58 అంటే కిడ్నీలు దాదాపు పూర్తిగా చేతులెత్తేసినట్టు, కాబట్టి దానికి 3 మార్కులు పడ్డాయి. మన రిపోర్టులోని అంకెను 6తో భాగించాలి. అప్పుడు 9.7 వస్తుంది, దానికి ఒక్కటే మార్కు. (కొన్ని ల్యాబులు యూరియా బదులు ‘బీయూఎన్’ ఇస్తాయి. దాన్నైతే 2.8తో భాగించాలి. రిపోర్టు మీద ఏది రాసి ఉందో తమ్ముణ్ణి మళ్లీ చూడమనండి.)

రెండోది బీపీ. షుగర్, బీపీ అని రెండు జబ్బులు లెక్కేశారు. ఈ స్కోరు తీసుకునే జబ్బుల జాబితాలో బీపీ లేదు. షుగర్, గుండె జబ్బు, ఆస్తమా కాని ఊపిరితిత్తుల జబ్బులు, కిడ్నీ, లివర్, క్యాన్సర్, మతిమరుపు జబ్బు, ఊబకాయం లాంటివి ఉన్నాయి. కాబట్టి నాన్నగారికి ఒక్క జబ్బే.

ఇప్పుడు లెక్క: వయసుకి 6, మగవారు కాబట్టి 1, షుగర్‌కి 1, ఊపిరి 28 కాబట్టి 1, చేరినప్పుడు శాచురేషన్ 88 కాబట్టి 2, తెలివి బాగానే ఉంది కాబట్టి 0, యూరియాకి 1, సీఆర్‌పీ 90కి 1. మొత్తం 13.

ఆ పరిశోధనలో 9 నుంచి 14 మధ్య వచ్చినవాళ్లలో 31.4 శాతం మంది చనిపోయారు. 15, ఆపైన వచ్చినవాళ్లలో 61.5 శాతం. 4 నుంచి 8 దాకా 9.9 శాతం, 0 నుంచి 3 దాకా 1.2 శాతం. ఒక్క యూరియా యూనిట్ తప్పు, ఒక్క బీపీ టిక్కు కలిసి నాన్నగారిని ఒక గుంపులోంచి ఇంకో గుంపులోకి తోసేశాయి. మీరు రాత్రంతా పడ్డ టెన్షన్‌లో సగం అక్కడిదే.

31 శాతం అంటే అర్థం ఏమిటి?

అలాంటి వందమందిలో 69 మంది ఇంటికెళ్లారని మొదటి అర్థం. రెండోది, ఆ వందమంది ఎవరన్నది. వాళ్లు 2020 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా బ్రిటన్ ఆసుపత్రుల్లో చేరినవాళ్లు. అప్పటికి వ్యాక్సిన్ లేదు. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ పనిచేస్తుందని బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ చెప్పింది కూడా ఆ జూన్ మధ్యలోనే. నాన్నగారు రెండు డోసులు వేసుకున్నారు, చేరిన రోజే స్టెరాయిడ్ మొదలైంది. ఆ రెండింటి లాభం ఈ స్కోరుకి పెద్దగా తెలియదు. అయితే ‘కాబట్టి 31 కాదు, 20’ అని నేను ఒక అంకె పుట్టించి చెప్పను.

స్కోరు ఎంత బాగా పనిచేస్తుందో కూడా తెలుసుకోండి. చనిపోయినవాళ్లలోంచి ఒకరిని, బతికినవాళ్లలోంచి ఒకరిని తీసి పక్కపక్కన పెడితే, చనిపోయినవారికే ఎక్కువ స్కోరు ఉండటం వందలో సుమారు 77 సార్లు జరుగుతుంది. కోవిడ్‌కి వచ్చిన స్కోర్లలో ఇది మంచివాటిలో ఒకటి. అయినా 23 సార్లు తప్పుతుంది. ఆ 23లో పడ్డవాళ్లను నేను కళ్లారా చూశాను.

2021 మేలో 46 ఏళ్ల మనిషి వచ్చారు. ఏ జబ్బూ లేదు. స్కోరు 6. అంటే వందలో పదిమంది పోయే గుంపు. ఆయన భార్యకు నేనే ధైర్యం చెప్పాను. పదకొండో రోజున వెంటిలేటర్ పడింది, ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ సోకింది, పంతొమ్మిదో రోజున పోయారు. అదే నెలలో 82 ఏళ్ల పెద్దావిడ. షుగర్, కిడ్నీ జబ్బు, యూరియా 96, స్కోరు 16. కొడుకులిద్దరూ ఊళ్లో బంధువులకు కబురు కూడా పెట్టేశారు. మూడో రోజు పొద్దున నేను రౌండ్స్‌కి వెళ్లేసరికి ఆవిడ మాస్కు పక్కకి జరిపి, పెరుగన్నం ఎందుకు పెట్టడం లేదని నర్సమ్మను నిలదీస్తోంది. పద్నాలుగో రోజు ఇంటికెళ్లింది. స్కోరు తప్పు చెప్పిందనడానికి లేదు. 15, ఆపైన వచ్చిన వందమందిలో 38 మంది బతుకుతారనే అది ముందే చెప్పింది, ఆవిడ వాళ్లలో ఒకరు.

తమ్ముడు రోజూ చూడాల్సినవి

మొదటిది ఆక్సిజన్ ఎంత ఇస్తే శాచురేషన్ ఎంత ఉంది. మీరు శాచురేషన్ ఒక్కటే రాసుకుంటున్నారు. 93 అంటే 40 శాతం ఆక్సిజన్ మీద వేరు, 90 శాతం మీద వేరు. హై ఫ్లో మెషీన్ స్క్రీన్ మీద ‘ఎఫ్‌ఐఓటూ’ అని ఒక అంకె కనిపిస్తుంది, ఇచ్చే గాలిలో ఆక్సిజన్ ఎంత శాతమో అది చెప్తుంది, అదీ రాసుకోమనండి.

రెండోది ఊపిరి ఎన్నిసార్లు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఆసుపత్రుల్లో అందరికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. వేరే ఆసుపత్రి నుంచి మా దగ్గరికి పంపిన ఒక పేషెంట్ చార్టులో మూడు రోజులుగా ప్రతి ఆరు గంటలకీ ‘22’ అనే ఉంది. నేను మంచం పక్కన నిలబడి, దుప్పటి తీసి, గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టాను. 36. ప్రతి ఊపిరికీ మెడ దగ్గర కండరాలు తాళ్లలా బిగుస్తున్నాయి, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. మానిటర్ మీద మాత్రం శాచురేషన్ 94, పచ్చ రంగులో. అలసిపోయే దాకా ఆ 94ని శరీరం అలా లాక్కొస్తుంది, అలసిపోయాక ఒక్కసారిగా పడిపోతుంది. ఆ సాయంత్రమే ఆయనకు గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది. తమ్ముణ్ణి లోపలికి పంపినప్పుడు నాన్నగారి పొట్ట మీదో ఛాతీ మీదో చూపు పెట్టి 60 సెకన్లు లెక్కపెట్టమనండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించొద్దు. లెక్కపెడుతున్నానని ఆయనకు చెప్పొద్దు, చెప్తే ఊపిరి మారిపోతుంది.

ఈ మూడు అంకెలూ కలిపితే రాక్స్ ఇండెక్స్ వస్తుంది. శాచురేషన్‌ని ఆక్సిజన్ భాగంతో భాగించి, వచ్చినదాన్ని ఊపిరి రేటుతో భాగించాలి. చేరిన రోజు నాన్నగారికి 70 శాతం ఆక్సిజన్ మీద 92, ఊపిరి 28. అంటే 92ని 0.7తో భాగిస్తే 131, దాన్ని 28తో భాగిస్తే 4.7. ఇవాళ 60 శాతం మీద 93, ఊపిరి 26. లెక్కేస్తే దాదాపు 6. హై ఫ్లో పెట్టిన మొదటి పన్నెండు గంటల్లో 4.88, అంతకన్నా ఎక్కువ ఉంటే వెంటిలేటర్ అవసరం పడే అవకాశం తక్కువని దీన్ని తయారుచేసినవాళ్లు చూపించారు. ఇది చావు గురించి చెప్పదు, గొట్టం వేయాల్సి వస్తుందా అన్నదే చెప్తుంది. మూడో రోజున ఆ హద్దును అలాగే అన్వయించడం సరికాదు కూడా. కానీ 4.7 నుంచి 6కి రావడం మంచి దిశ. రేపు 80 శాతం మీద 90 ఉండి ఊపిరి 32 అయితే అది 3.5కి పడిపోతుంది. అప్పుడు డాక్టర్లను వెంటనే అడగాలి.

మూడోది తెలివి. ఇది ఇంట్లోవాళ్లకే ముందు తెలుస్తుంది. నిన్న మనవరాలి పరీక్షల గురించి అడిగిన మనిషి ఇవాళ ‘ఊ’ అని ఊరుకుంటే, పగలంతా మత్తుగా ఉంటే, లేదా మాస్కు పీకేస్తూ గొడవ చేస్తే నర్సుకి కచ్చితంగా చెప్పాలి. ‘పెద్దాయన కదా, నీరసం’ అని వదిలేయొద్దు.

నాలుగోది మూత్రం, యూరియా, క్రియాటినిన్. ఊపిరితిత్తులు ఒక్కటే చెడటం వేరు, వాటితోపాటు కిడ్నీ, బీపీ కూడా జారిపోవడం వేరు. బీపీ నిలబెట్టడానికి మందు డ్రిప్ మొదలైందా అని రోజూ అడగాలి.

మీరు అనవసరంగా భయపడుతున్నవి

సీటీ స్కోరు 25కి 17 అని పెద్ద అక్షరాల్లో రాశారు. ఊపిరితిత్తుల్లో ఉన్న ఐదు భాగాలకు ఒక్కోదానికి 5 మార్కుల చొప్పున వేసి కూడిన అంకె అది. మచ్చ ఎంత మేర ఉందో చెప్తుంది. ఏ రోజున తీశారన్నదాన్ని బట్టి మారిపోతుంది, సాధారణంగా పదో రోజు ప్రాంతంలో ఎక్కువగా కనిపిస్తుంది. 2021లో ఆ అంకె ఒక్కటే పట్టుకుని బెడ్ కోసం రాత్రంతా అంబులెన్సుల్లో తిరిగినవాళ్లున్నారు. 17 ఉండి ముక్కుగొట్టం ఆక్సిజన్‌తో ఇంటికెళ్లినవాళ్లను చాలామందిని చూశాను.

ఐఎల్-6 (ఇన్‌ఫ్లమేషన్‌ని పెంచే ఒక ప్రొటీన్) పెరిగిందని కూడా రాశారు. ఆయనకు రెండో రోజున టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ ఇచ్చారు కదా. ఆ మందు ఐఎల్-6 అతుక్కునే చోటును మూసేస్తుంది, అందుకని రక్తంలో దాని అంకె పెరగడం మామూలే. జబ్బు ముదిరిందని కాదు. అదే మందు వల్ల సీఆర్‌పీ బాగా పడిపోతుంది, దాన్ని చూసి పూర్తిగా నిశ్చింతగా ఉండటానికీ లేదు, కొత్త ఇన్‌ఫెక్షన్ వచ్చినా సీఆర్‌పీ లేవకపోవచ్చు. అందుకే ఇప్పటినుంచి ఈ రెండు పరీక్షలకూ నేను పెద్ద విలువ ఇవ్వను.

డీ-డైమర్‌కి (ఒంట్లో రక్తం గడ్డలు కడుతున్నాయేమో సూచించే పరీక్ష) విలువ ఉంది. వూహాన్‌లో 191 మంది మీద చేసి 2020 మార్చిలో లాన్సెట్‌లో వేసిన పరిశోధనలో, పెద్ద వయసు, డీ-డైమర్ మిల్లీలీటరుకి ఒక మైక్రోగ్రాము దాటడం మరణంతో ముడిపడి కనిపించాయి. కానీ ఇక్కడా యూనిట్ల గొడవే. ఒక ల్యాబు ఎఫ్‌ఈయూ అనే యూనిట్‌లో, ఇంకోటి డీడీయూ అనే యూనిట్‌లో ఇస్తుంది, మొదటిది రెండోదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. నిన్న ఒక ల్యాబు, ఇవాళ ఇంకో ల్యాబు అయితే పోల్చొద్దు.

‘ఏఐ యాప్ మూడు రక్తపరీక్షలతో చెప్పేస్తుందట’ అని కింద కామెంట్లలో ఇంకొకరు రాశారు. వూహాన్‌లోనే ఎల్‌డీహెచ్, లింఫోసైట్లు, సీఆర్‌పీ అనే మూడింటితో 90 శాతం పైగా కచ్చితంగా చెప్పొచ్చని 2020లో ఒక పేపరు వచ్చింది. తర్వాత వేరే దేశాల ఆసుపత్రులవాళ్లు తమ పేషెంట్ల మీద వేసి చూస్తే అంత బాగా పనిచేయలేదు. ఒక చోట ఒక నెలలో కుదిరిన లెక్క ఇంకోచోట కుదరకపోవడం ఈ రంగంలో మామూలు. 2020లో కోవిడ్ మీద వచ్చిన ఇలాంటి లెక్కల్లో చాలావాటికి పునాదే సరిగా లేదని బీఎంజేలో వచ్చిన సమీక్ష అప్పుడే చెప్పింది.

నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకోటి ఉంది. ఐసీయూల్లో మేం ఎన్నో ఏళ్లుగా వాడే సోఫా స్కోరు (ఏ అవయవం ఎంత దెబ్బతిందో లెక్కేసేది), వెంటిలేటర్ మీదున్న కోవిడ్ పేషెంట్ల విషయంలో, ఒట్టి వయసు చెప్పినంత కూడా చెప్పలేకపోయిందని అమెరికాలో చేసిన పరిశోధన 2021లో తేల్చింది. అందుకే ‘అసలు అన్నిటికన్నా పెద్ద రిస్క్ ఏది’ అని ఎవరైనా అడిగితే వయసు అని చెప్తాను. దాని గురించి మనం చేయగలిగింది ఏమీ లేదు కాబట్టి జనం దాన్ని వదిలేసి ఐఎల్-6 వెంట పడతారు.

ముందున్న రోజులు

లక్షణాలు మొదలై నాన్నగారికి ఇవాళ తొమ్మిదో రోజు. ఏడు నుంచి పన్నెండో రోజు దాకా మేం ఎక్కువ జాగ్రత్తగా ఉంటాం. అది దాటి ఆక్సిజన్ తగ్గుతూ వస్తే చాలావరకు గట్టెక్కినట్టే. కానీ ఐసీయూలో ఎక్కువ రోజులుంటే వచ్చే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్లు, రక్తం గడ్డలు, స్టెరాయిడ్ వల్ల షుగర్ 300, 400కి ఎగబాకడం, ఆ షుగర్ మీద బ్లాక్ ఫంగస్, ఇవేవీ ఏ స్కోరులోనూ లేవు. షుగర్ అదుపు గురించి డాక్టర్‌ని రోజూ అడగండి. ముఖం ఒకవైపు నొప్పి, కన్ను వాపు, ముక్కులోంచి నల్లటి స్రావం కనిపిస్తే ఆ గంటలోనే చెప్పాలి. బోర్లా పడుకోమని డాక్టర్లు చెప్పి ఉంటే ఎంతసేపు పడుకోగలరో అంతసేపు పడుకోనివ్వండి. మెలకువగా ఉన్న పేషెంట్లలో అది గొట్టం అవసరాన్ని తగ్గిస్తుంది.

వెంటిలేటర్ పెడితే ఇక రారని తమ్ముడు అన్నాడని రాశారు. రికవరీ ట్రయల్‌లో వెంటిలేటర్ మీద ఉండి డెక్సామెథాసోన్ తీసుకున్నవాళ్లలో 28 రోజుల్లో 29.3 శాతం, తీసుకోనివాళ్లలో 41.4 శాతం చనిపోయారు. చిన్న ప్రమాదం కాదు, 71 ఏళ్లకు ఇంకా ఎక్కువే ఉంటుంది. కానీ ‘ఇక రారు’ అన్నది నిజం కాదు. అవసరమైనప్పుడు ఆ భయంతో సంతకం ఆలస్యం చేయొద్దని తమ్ముడికి ఈ రోజే చెప్పి ఉంచండి. గొట్టం వేయమని అర్ధరాత్రి అడిగితే, మీరు ఫోన్ ఎత్తేదాకా ఆగాల్సిన పరిస్థితి రాకూడదు.

‘పొలం అమ్మి వైద్యం చేయించమంటారా, లాభం లేకపోతే ముందే చెప్పండి’ అని అమ్మగారు అడుగుతున్నారని మీరు చివర్లో రాశారు. ఇంత దూరం నుంచి నేను దానికి అవునూ కాదూ చెప్పకూడదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఈ స్కోరును చూపించి ఎవరైనా ‘వదిలేయండి’ అంటే ఒప్పుకోవద్దు. ఎవరిని దగ్గరుండి కనిపెట్టుకోవాలో, ఎవరిని వార్డులో ఉంచినా ఫరవాలేదో తేల్చుకోవడానికి దీన్ని తయారుచేశారు. వైద్యం ఆపడానికి కాదు. అలాంటి మాట ఎప్పుడైనా మాట్లాడాల్సి వస్తే, రెండు మూడు అవయవాలు చెడి, ఎన్ని రోజులు చూసినా మార్పు లేనప్పుడు, మంచం పక్కనున్న డాక్టరే మీ అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాలి. నాన్నగారు ఆ స్థితిలో లేరు.

ఇక టికెట్. సెలవు, వీసా, డబ్బు ఇబ్బంది లేకపోతే రండి. ఆయన పోతారని కాదు. 71 ఏళ్ల మనిషి ఐసీయూలో ఉంటే తమ్ముడొక్కడే ఆసుపత్రినీ అమ్మనీ చూసుకుంటున్నాడు, ఇంటికొచ్చాక కూడా కొన్ని వారాలు ఆయనకు మనిషి తోడు కావాలి. రావడం కుదరకపోతే మాత్రం, 16 అనే ఆ అంకె చూసి మీరేదో ఘోరం చేస్తున్నట్టు కుమిలిపోవద్దు.

ఎల్లుండి ఉదయం ఎఫ్‌ఐఓటూ ఎంత, దాని మీద శాచురేషన్ ఎంత, తమ్ముడు లెక్కపెట్టిన ఊపిరి ఎంత, కొత్త యూరియా ఎంత, ఈ నాలుగూ ఇక్కడే రాయండి. ఆ రాత్రికి డ్యూటీ అయ్యాక చూసి జవాబు రాస్తాను.